గోమాలో శాంతి దళం మీద రాళ్ళెందుకు పడ్డాయి? అక్కడ ఉండే హక్కు ఐరాసకు ఎవరిచ్చారు?

సిక్కోలు_శీను

మా అన్నయ్య ఆర్మీలో ఉన్నాడు. తూర్పు కాంగోలోని గోమా నగరం దగ్గర ఐరాస శాంతి దళంలో పనిచేసి వచ్చాడు. నీలి టోపీ పెట్టుకుని దిగిన ఫొటో మా హాల్లో ఉంటుంది, అమ్మ ఇంటికి ఎవరొచ్చినా చూపిస్తుంది.

కానీ ఒక్కటి నాకు మింగుడుపడటం లేదు. 2022 జులైలో తూర్పు కాంగోలో ఐరాస వెళ్ళిపోవాలని జనం రోడ్డెక్కారు. బుటెంబోలో శాంతి దళం క్యాంపు మీద దాడి జరిగి మన బీఎస్‌ఎఫ్ జవాన్లు ఇద్దరు, మొరాకో సైనికుడు ఒకరు చనిపోయారు. కాపాడటానికి పోయినవాళ్ళ మీద అంత కోపం ఎందుకొచ్చింది? అసలు అక్కడ ఉండే హక్కు ఎవరిచ్చారు? న్యూయార్క్‌లో కూర్చున్న 15 దేశాలా, రాజధాని కిన్షాసాలో ప్రభుత్వమా, గోమా జనమా? అన్నయ్యను అడిగితే "ఆర్డర్ వచ్చింది, పోయాం" అంటాడు, ఇక మాట్లాడడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

నెల్లూరు_నాని

అంత తిట్టించుకుని అక్కడ ఉండటం దేనికి? మన పిల్లల్ని వెనక్కి పిలిపించుకుంటే సరిపోతుంది కదా.

పీజీ_పొలిటికల్

కాగితం మీద హక్కు గట్టిగానే ఉంది. 1999 నవంబర్‌లో భద్రతా మండలి తీర్మానంతో ఈ మిషన్ మొదలైంది. అప్పుడు పేరు మోనుక్. 2010 జులై నుంచి మోనుస్కో. కాంగో ప్రభుత్వం సమ్మతి ఉంది. పౌరుల ప్రాణాలకు ముప్పు వస్తే ఆయుధం వాడొచ్చని ఐరాస చార్టర్ ఏడో అధ్యాయం కింద అధికారం కూడా ఇచ్చారు.

శీను గారు అడిగింది మాత్రం ఆ కాగితం గురించి కాదనుకుంటా. సమ్మతి ఇచ్చింది కిన్షాసా. గోమా అక్కడికి 1,500 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. గోమా ఉన్న కివూ ప్రాంతపు పల్లెల్లో చాలామందికి కిన్షాసా ప్రభుత్వం మీదే నమ్మకం లేదు. అలాంటి ప్రభుత్వం పిలిచిందని వచ్చిన దళాన్ని ఆ పల్లెలు తమదిగా ఎందుకు అనుకుంటాయి? ఆమోదం పల్లెలో రావాలి, అదీ పని చూసి రావాలి. కళ్ళముందు ఊరు తగలబడకుండా ఆపితే వస్తుంది, లేకపోతే రాదు.

కంపాలా_కిరణ్

నేను ఉండేది ఉగాండాలో. వ్యాపారం పని మీద రువాండా మీదుగా గిసెన్యీ బోర్డర్ దాటి గోమా వెళ్ళేవాణ్ణి. పీజీ గారు చెప్పిందే అక్కడ నా చెవులతో విన్నాను.

గోమాలో ఒక షాపతను అన్నాడు: "మా ఊరు తగలబడింది. వాళ్ళు తెల్ల బండ్లలో వచ్చి ఎంతమంది పోయారో రాసుకుని వెళ్ళారు." ఆ కోపం ఒక్క రోజులో వచ్చింది కాదు. 2012 నవంబర్‌లో ఎం23 అనే తిరుగుబాటు సైన్యం గోమాలోకి నడిచి వచ్చింది. ఊళ్ళో సుమారు 1,500 మంది శాంతి సైనికులు ఉన్నారు, దేశం మొత్తం మీద 17,000 దాకా ఉన్నారు. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత బేనీ వైపు 2014 నుంచి ఏడీఎఫ్ అనే సాయుధ గుంపు వాళ్ళు పల్లెల మీద పడి కత్తులతో నరుకుతూనే ఉన్నారు. 2019 నవంబర్‌లో బేనీలో జనం ఐరాస ఆఫీసులకు నిప్పు పెట్టారు. అంటే 2022 మొదటిసారేం కాదు.

ఇంకోటి. కివూ సరస్సు ఒడ్డున ఐరాస వాళ్ళుండే ఇళ్ళు, జనరేటర్లు, గోడల మీద ముళ్ళతీగ. గోడ ఇవతల ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద బతికేవాళ్ళు. ఈ మిషన్‌కి ఏడాదికి వంద కోట్ల డాలర్ల పైనే ఖర్చయ్యేదని అక్కడ రోడ్డు పక్క బజ్జీలు అమ్మే ఆవిడకి కూడా తెలుసు.

నెల్లూరు_నాని

గోమాలో బజ్జీలా? కిరణ్ అన్నా, చేపలు ఎలా ఉంటాయక్కడ, అది చెప్పు ముందు.

కంపాలా_కిరణ్

అరటికాయ బజ్జీల్లాంటివి నాని. చేపలంటే సాంబాజా అని వేలెడంత ఉంటాయి, సరస్సులోవే, కరకరలాడేలా వేయిస్తారు. నీ నెల్లూరు పులుసుకి పనికిరావు. సరే, విషయానికి రా.

రమాదేవి_వరంగల్

కిరణ్ గారూ, 2012 గురించి సగమే చెప్పారు. ఎం23 గోమా వైపు వస్తుంటే ఐరాస హెలికాప్టర్లు ఊరి బయట వాళ్ళ మీద కాల్పులు జరిపాయి. పారిపోయింది కాంగో సైన్యం. సొంత సైన్యం తుపాకులు పడేసి పోయాక, కొన్ని లక్షల మంది ఉన్న ఊరి నడిమధ్య శాంతి దళం యుద్ధం మొదలుపెట్టి ఉంటే ఎంతమంది పోయేవాళ్ళు? శాంతి దళం అంటే ఆ దేశపు సైన్యానికి బదులు కాదు. ప్రభుత్వం తన పని చేయకుండా కోపమంతా నీలి టోపీ మీదకు మళ్ళించడం రాజకీయ నాయకులకు చాలా తేలిక. 2022లో సరిగ్గా అదే జరిగింది. గొడవలకు పది రోజుల ముందు కాంగో సెనేట్ అధ్యక్షుడు గోమా వచ్చి, ఐరాస మూటాముల్లె సర్దుకోవాలని బహిరంగ సభలో మాట్లాడాడు.

కంపాలా_కిరణ్

ఒప్పుకుంటాను రమాదేవి గారూ, రెచ్చగొట్టారు. కానీ రెచ్చగొడితే మండటానికి అక్కడ ఎండుగడ్డి ముందే ఉంది కదా. ఆ సెప్టెంబర్‌లో ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెరెస్ స్వయంగా టీవీ ఇంటర్వ్యూలో ఎం23 దగ్గర మోనుస్కో కంటే మంచి ఆయుధాలున్నాయని అన్నారు. అది విన్న గోమా మనిషి ఏమనుకోవాలి? మరి ఇరవై ఏళ్ళుగా ఎందుకున్నారు అని అడగడా?

పీజీ_పొలిటికల్

2013 కూడా గుర్తు చేసుకోవాలి ఇక్కడ. గోమా పడ్డ అవమానం తర్వాత భద్రతా మండలి దాడి చేసే అధికారంతో ఒక ప్రత్యేక బ్రిగేడ్ పెట్టింది. దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ సైనికులు, సుమారు 3,000 మంది. కాంగో సైన్యంతో కలిసి ఆ నవంబర్‌కల్లా ఎం23ని ఓడించారు. జనంలో ఐరాస పరపతి బాగా పెరిగిన సమయం అదే.

కానీ ఒక పక్షంతో కలిసి యుద్ధం చేశాక మధ్యవర్తి అని ఎలా అంటారు? అప్పుడు మన దేశం కూడా ఈ విషయంలో ఆందోళన చెప్పింది. దాడి చేసేవాళ్ళదీ, ఊళ్ళు కాపాడేవాళ్ళదీ ఒకే టోపీ అయితే, ప్రతీకారం ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

మాజీ_హవల్దార్

నేను 1987లో ఐపీకేఎఫ్‌తో, అంటే మన శాంతి సేనతో, శ్రీలంకలో జాఫ్నా వెళ్ళాను. అది ఐరాస కాదు, రెండు దేశాల ఒప్పందం. అయినా చెప్పాలనిపించింది. ఆగస్టులో మాకు పూలదండలు వేశారు, ఇళ్ళలోకి పిలిచి టీ ఇచ్చారు. అక్టోబర్‌లో అవే వీధుల్లో మా మీద కాల్పులు. 1990 మార్చిలో వచ్చేసేటప్పటికి మనవాళ్ళు 1,200 మంది దాకా పోయారు. మా వల్ల పోయిన మామూలు జనం కూడా ఉన్నారు, అది దాచకూడదు. ఒప్పందం మీద సంతకాలు పెట్టిన వాళ్ళెవరూ ఆ వీధుల్లో లేరు. జనం ఎవరికి ఒప్పుకున్నారు, దేనికి ఒప్పుకున్నారు అని మమ్మల్ని పంపే ముందు ఎవరూ అడగలేదు.

శీను బాబూ, మీ అన్నయ్య మాట్లాడటం లేదని నొచ్చుకోకు. కొన్ని చెప్పడానికి టైం పడుతుంది.

విశాఖ_వనజ

నా పరిశోధన ఈ మిషన్ల మీదే, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను.

2008 నవంబర్‌లో గోమాకు ఉత్తరాన కివాంజా అనే ఊళ్ళో తిరుగుబాటుదారులు ఇల్లిల్లూ తిరిగి సుమారు 150 మందిని చంపారు. శాంతి దళం క్యాంపు కిలోమీటరు దూరంలో ఉంది. అది భారత దళం క్యాంపే. ఇది మనకు బాధ కలిగించే విషయమే అయినా మాట్లాడుకోవాలి. ఊళ్ళో ఏం జరుగుతోందో క్యాంపుకు సరిగ్గా తెలియలేదు. అక్కడి భాష తెలిసినవాళ్ళు లేరు, జనం నుంచి కబురు వచ్చే దారి లేదు.

దాని తర్వాత ఒక మంచి మార్పు వచ్చింది. స్థానిక కాంగో యువతీ యువకులను క్యాంపుకూ పల్లెకూ మధ్య మనుషులుగా జీతమిచ్చి పెట్టుకున్నారు. వాళ్ళు పల్లె పెద్దల నంబర్లు, మార్కెట్ ఆడవాళ్ళ నంబర్లు దగ్గర పెట్టుకుని, ఎక్కడ అలజడి ఉన్నా ఫోన్ వచ్చేలా ఏర్పాటు చేశారు. ఏ రోజు మార్కెట్, ఏ దారిలో ఆడవాళ్ళు పొలానికి పోతారు, గస్తీ ఎప్పుడు కావాలి అన్నీ వాళ్ళ నుంచే తెలిసేవి. ఉత్తర కివూలో ఇది మొదలైంది భారత దళాల క్యాంపుల్లోనే. తర్వాత వేరే దేశాల మిషన్లకూ పాకింది.

రేడియో ఒకాపి గురించి కూడా చెప్పాలి. 2002లో ఐరాస మిషన్, ఒక స్విస్ సంస్థ కలిసి పెట్టాయి. ఫ్రెంచ్‌తో పాటు లింగాలా, స్వాహిలి, కికోంగో, చిలుబా భాషల్లో వార్తలు. దేశం ముక్కలై ఉన్న రోజుల్లో అన్ని వైపులా వినిపించిన రేడియో అది. మోనుస్కోని తిట్టేవాళ్ళు కూడా ఒకాపి వార్తలు నమ్ముతారు. ఎందుకంటే మాట్లాడేది కాంగోవాళ్ళు, వాళ్ళ భాషలో, వాళ్ళ ఊరి సంగతులు.

కాబట్టి సంస్థ మొత్తానికి ఆమోదం ఉందా లేదా అని ఒకే ముద్ర వేయలేం. ఒకే మిషన్‌లో ఒక పనికి నమ్మకం ఉంటుంది, ఇంకో పనికి ఉండదు.

సిక్కోలు_శీను

వనజ గారూ, ఆ మధ్య మనిషి గురించి అన్నయ్య చెప్పాడు! ఒక కుర్రాడు ఉండేవాడట, అర్ధరాత్రి ఫోన్ వస్తే నిద్ర లేపి బండి తీయించేవాడట. వాడు లేకపోతే మాకు ఊరి పేరు పలకడం కూడా రాదు అన్నాడు. ఆ కుర్రాడి గురించి మాత్రం అన్నయ్య ఎంతసేపైనా మాట్లాడతాడు.

ఖమ్మం_క్రాంతి

అందరూ క్యాంపు దగ్గరే ఆగిపోతున్నారు. పైన చూడండి. గోమా చుట్టూ బంగారం, కోల్టాన్. మన ఫోన్లలో ఉండే టాంటలం అనే లోహం వచ్చేది ఆ రాయి నుంచే. 2024 ఏప్రిల్‌లో రుబాయా దగ్గరి కోల్టాన్ గనులు ఎం23 చేతిలోకి పోయాయి. అదే ఏడాది జులైలో ఐరాస సొంత నిపుణుల బృందం, ఎం23తో కలిసి రువాండా సైనికులు 3,000 నుంచి 4,000 మంది కాంగోలో ఉన్నారని రాసింది. రువాండా ఒప్పుకోదు, అది వేరే సంగతి. మరి భద్రతా మండలి రువాండా పేరు పెట్టి, సైన్యాన్ని వెనక్కి తీసుకోమని తీర్మానం చేసింది ఎప్పుడు? 2025 ఫిబ్రవరిలో. గోమా, దక్షిణ కివూలోని బుకావు నగరం రెండూ పోయాక!

నిపుణులు రాస్తారు, మండలి చదువుతుంది, పెద్ద దేశాలు తమ లెక్కలు చూసుకుంటాయి. కింద కాపలా కాసే జవానుకి మాత్రం రాళ్ళు. 1960లో కూడా ఇదే. అప్పటి ప్రధాని లుముంబా ప్రభుత్వం అడిగితేనే ఐరాస సైన్యం కాంగో వచ్చింది. ఆ సైన్యం దేశంలో ఉండగానే 1961 జనవరిలో లుముంబాను చంపేశారు. ఆ దేశం అది మర్చిపోలేదు.

నెల్లూరు_నాని

రువాండా కూడా ఐరాసకు శాంతి సైనికుల్ని పంపే దేశమే కదా? ఎక్కడో చదివినట్టు గుర్తు.

ఖమ్మం_క్రాంతి

పంపుతుంది, పెద్ద సంఖ్యలోనే. దక్షిణ సూడాన్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో వాళ్ళ దళాలున్నాయి. గట్టిగా మాట్లాడితే వాళ్ళు ఆ సైనికుల్ని వెనక్కి పిలుస్తారని ఐరాసకు భయం. ఇలాంటి లోపలి కట్టుబాట్లు ఉన్నప్పుడు నిష్పక్షపాతం అంటే ఎవరు నమ్ముతారు?

రమాదేవి_వరంగల్

క్రాంతి గారూ, మండలి ఆలస్యం చేసిందనడంలో నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆ 3,000, 4,000 లెక్క మీకు ఎక్కడి నుంచి వచ్చింది? ఐరాస నిపుణుల నివేదిక నుంచే. వాళ్ళు లేకపోతే ఆ నిజం బయటకొచ్చేది కాదు.

జ్యోతి_డల్లాస్

నేను నర్సుని. కాంగో గురించి నాకు పెద్దగా తెలియదు కానీ మా వార్డులో హైతీ నర్సు ఉంటుంది, ఆమెతో మాట్లాడాక ఈ విషయం వదలలేకపోతున్నాను.

2010 జనవరిలో హైతీలో భూకంపం. ఆ అక్టోబర్‌లో కలరా. వందేళ్ళుగా ఆ దేశంలో కలరా లేదు. మీర్బాలే దగ్గర నేపాల్ శాంతి సైనికుల క్యాంపు నుంచి మురుగు ఏటిలో కలిసింది. ఆ ఏరు ఆర్తిబోనీత్ నదిలో కలుస్తుంది, జనం తాగేది ఆ నీళ్ళే. దాదాపు 10,000 మంది చనిపోయారు, 8 లక్షల మందికి పైగా జబ్బు పడ్డారు. బాధితులు పరిహారం అడిగితే 2013లో ఐరాస ఆ క్లెయిములు తీసుకోవడం కుదరదని చెప్పింది. అమెరికా కోర్టుకి వెళితే అక్కడ కూడా ఐరాసకు రక్షణ ఉందనే చెప్పారు. అప్పటి ఐరాస ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పింది 2016 డిసెంబర్‌లో, ఆరేళ్ళకి! 40 కోట్ల డాలర్లు సేకరిస్తామన్నారు, వచ్చింది అందులో చాలా చిన్న భాగం.

నేపాల్ సైనికుల మీద నాకు కోపం లేదు. ఆ క్యాంపు మరుగుదొడ్లు సరిగ్గా కట్టారా లేదా చూడాల్సిన పని సంస్థది. ఒక చిన్న ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ వస్తే మేం ఎన్ని కాగితాలకు జవాబు చెప్పాలో! 10,000 ప్రాణాలకు జవాబు చెప్పనక్కర్లేదంటే ఎలా?

పీజీ_పొలిటికల్

ఆ రక్షణ 1946 నాటి ఒప్పందం నుంచి వచ్చింది. ఏ దేశం పడితే ఆ దేశం ఐరాస ఉద్యోగుల్ని అరెస్టు చేసి పని ఆపకూడదని పెట్టారు. కారణం సబబే. అయితే అదే ఒప్పందంలో, బయటివాళ్ళతో వచ్చే తగాదాలు తీర్చే ఏర్పాటు ఐరాసే చేయాలని కూడా ఉంది. హైతీ మిషన్ ఒప్పందంలో క్లెయిముల కమిషన్ గురించి రాశారు. ఆ కమిషన్ ఎప్పుడూ పెట్టలేదు. రక్షణ వాడుకున్నారు, బాధ్యత వదిలేశారు. నా దృష్టిలో కాంగో కంటే హైతీయే ఐరాస పరువును ఎక్కువ తీసింది.

సిక్కోలు_శీను

ఇంకో ప్రశ్న, అడగడానికి మనసొప్పటం లేదు. శాంతి సైనికులు అక్కడి ఆడపిల్లలతో తప్పుగా ప్రవర్తించారని చదువుతుంటాం. ఎంతవరకు నిజం?

మాజీ_హవల్దార్

కొందరు చేసిన పాపానికి అందరినీ అనకూడదు బాబూ. వేలమంది నియమంగా డ్యూటీ చేసి వచ్చారు.

విశాఖ_వనజ

హవల్దార్ గారూ, మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, నిజం ఉంది. హైతీ నుంచి 2007లో శ్రీలంక సైనికుల్ని వంద మందికి పైగా వెనక్కి పంపారు. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల విషయంలో 2015లో అక్కడి ఐరాస మిషన్ అధిపతిని తప్పించారు. కాంగోలో ఉన్న భారత దళం మీద కూడా ఆరోపణలొచ్చి మన సైన్యం విచారణ జరిపింది. అసలు చిక్కు ఎక్కడంటే, సైనికుడి మీద కేసు నడిపే అధికారం ఐరాసకు లేదు, పంపిన దేశానిదే. ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత శిక్ష పడిందో లేదో ఆ అమ్మాయికి తెలియదు, ఆ ఊరికీ తెలియదు. ఎవరో తప్పు చేయడం ఒకటి, న్యాయం జరగడం కళ్ళతో చూడలేకపోవడం ఇంకొకటి. రెండోది ఊరిని ఎక్కువ దూరం చేస్తుంది.

లైబీరియాలో దీనికి పూర్తిగా వేరే అనుభవం ఉంది. 2007లో మన సీఆర్‌పీఎఫ్ నుంచి పూర్తిగా ఆడవాళ్ళతో ఒక పోలీసు యూనిట్ అక్కడి రాజధాని మన్రోవియా వెళ్ళింది. ఐరాస చరిత్రలో అదే మొదటిది. 2016 దాకా బ్యాచ్‌ల వారీగా ఉన్నారు. రాత్రి గస్తీ తిరిగారు, ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పారు. అక్కడి ఆడవాళ్ళు వాళ్ళను చూసి పోలీసుల్లో చేరడానికి ముందుకొచ్చారు. ఇంకా ముఖ్యంగా, 2003లో లైబీరియాలో శాంతి కోసం రోడ్డెక్కింది అక్కడి మార్కెట్ ఆడవాళ్ళే. ఐరాస వాళ్ళ వెనక వచ్చింది.

మాజీ_హవల్దార్

తప్పు చేసినవాడికి అదే ఊళ్ళో, ఆ జనం ముందే కోర్ట్ మార్షల్ జరగాలి. నేను దానికి వ్యతిరేకం కాదు. మామీద నమ్మకం నిలబడాలంటే అదే దారి.

ఖమ్మం_క్రాంతి

లైబీరియా చిన్న దేశం వనజ గారూ. పక్కదేశం సైన్యం లోపల లేదు, ప్రజలూ యుద్ధంతో అలసిపోయి ఉన్నారు. దాన్ని కాంగో పక్కన పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది.

విశాఖ_వనజ

నిజమే, పోలిక అంతవరకే. అయితే అక్కడి జనం అడిగిన శాంతికి తోడుగా వెళ్ళడం, మనం తయారు చేసిన శాంతిని తీసుకెళ్ళి ఇవ్వడం రెండూ ఒకటి కాదని మాత్రం అంటాను. నేపాల్ చూడండి. 2006లో ఒప్పందం చేసుకుంది వాళ్ళు వాళ్ళే. ఐరాసను పిలిచింది మావోయిస్టుల ఆయుధాలు, మనుషుల లెక్క చూడమని. 19,602 మందిని ధ్రువీకరించారు, 2011 జనవరిలో వెళ్ళిపోయారు. గొడవలు లేకపోలేదు, కానీ ఎవరి పని ఏమిటో ముందే తేలింది.

నెల్లూరు_నాని

సరే, మరి ఇప్పుడు గోమా సంగతి? ఐరాస వెళ్ళిపోయిందా?

కంపాలా_కిరణ్

లేదు. కాంగో ప్రభుత్వమే పొమ్మంది, 2024 జూన్ చివరికి దక్షిణ కివూ నుంచి ఖాళీ చేశారు. తర్వాత ఎం23 ముందుకొస్తుంటే అదే ప్రభుత్వం, ఉత్తర కివూ నుంచి ఇప్పుడే వద్దు అంది. 2025 జనవరి చివర్లో గోమా మళ్ళీ ఎం23 చేతిలో పడింది. వందల మంది కాంగో సైనికులు, పోలీసులు ఆయుధాలు అప్పజెప్పి ఐరాస క్యాంపుల్లోనే తలదాచుకున్నారు. ఏప్రిల్ చివర్లో వాళ్ళను కిన్షాసా చేర్చింది రెడ్ క్రాస్. రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే ఆ కాన్వాయ్ కదిలింది. రెడ్ క్రాస్ దగ్గర తుపాకి లేదు. ఆ పనికి వాళ్ళను రెండు వైపులా నమ్మారు, నాకు అదే పెద్ద విషయంగా కనిపించింది.

నాకు తెలిసిన షాపతను ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. బ్యాంకులు మూసేస్తే చాలా నెలలు చేతిలో డబ్బాడలేదు. ఐరాస ఉంటే ఏంటి, పోతే ఏంటి అన్నవాడే, మొన్న ఫోన్‌లో "వాళ్ళ బండి మా వీధిలో తిరిగితే రాత్రి కొంచెం ధైర్యంగా ఉండేది" అన్నాడు.

రమాదేవి_వరంగల్

చూశారా, నేను మొదటి నుంచి చెబుతున్నది అదే.

ఖమ్మం_క్రాంతి

కాదు రమాదేవి గారూ. దిక్కులేక కావాలనుకోవడం వేరు, నమ్మి ఒప్పుకోవడం వేరు. కాంగోలో 2018 ఎన్నికలు గుర్తున్నాయా? కేథలిక్ బిషప్పుల సంఘం 40,000 మంది పరిశీలకుల్ని పెట్టి, ప్రకటించిన ఫలితం తమ లెక్కతో సరిపోలడం లేదంది. ఆఫ్రికన్ యూనియన్ మొదట అనుమానం చెప్పి తర్వాత ఊరుకుంది, మిగతావాళ్ళూ స్థిరత్వం పేరుతో సర్దుకుపోయారు. కాంగో జనం ఓటు విలువ దగ్గర నిలబడనివాళ్ళు, ఆ జనం నమ్మకం ఎలా అడుగుతారు?

రమాదేవి_వరంగల్

ఎన్నికల మీద మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అక్కడ గట్టిగా నిలబడాల్సింది. అయినా ఆ షాపతని వీధిలో రాత్రి గస్తీ ఎవరు తిరగాలో మీరూ చెప్పలేదు.

సిక్కోలు_శీను

ఇదంతా అన్నయ్యకి చదివి వినిపించాను. కివాంజా దగ్గర కాసేపు ఊరుకుండిపోయాడు. తర్వాత ఒకటే అడిగాడు: దక్షిణ కివూలో క్యాంపులు మూసేసినప్పుడు ఆ మధ్య మనుషులుగా పనిచేసిన కుర్రాళ్ళని ఏం చేశారు? ఐరాసతో పనిచేశారని ఎం23 వాళ్ళకి తెలిస్తే బతకనిస్తారా? వనజ గారూ, కిరణ్ గారూ, మీకేమైనా తెలిస్తే రాయండి. తనతో పనిచేసిన కుర్రాడి నంబర్ జనవరి నుంచి కలవటం లేదట.

కంపాలా_కిరణ్

పేరు, ఏ క్యాంపు, ఏ ఊరు అన్నవి ఇక్కడ రాయకండి శీను గారూ, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. అక్కణ్ణుంచి చాలామంది ఇటు ఉగాండా శరణార్థి శిబిరాలకు వచ్చారు. ఈ వారం అడిగి చూస్తాను.